ఏడో గడిలో తడి

మా వార్డులో సాయం అన్న చెయ్యని సాయం లేదు. నడవలేని ముసలివాళ్లను వ్యాను ఎక్కించేది ఆయనే, ఆస్పత్రిలో చీటీ రాయించేది ఆయనే, చావు ఇంటికి కుర్చీలు పంపేది ఆయనే. అసలు పేరు ఏమిటో ఆయన భార్యకైనా గుర్తుందో లేదో నాకు అనుమానం. వార్డు మెంబరుకు బావమరిది కావడం తప్ప ఆయనకు వేరే ఉద్యోగం లేదు. మామూలు రోజుల్లో ఆ ఉద్యోగంలో పెద్ద పనేమీ ఉండదు కానీ, ఎన్నికలొస్తే మాత్రం తినడానికి కూడా తీరిక దొరకదు పాపం.

నాకు కళ్లు కనిపించవు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. ఇది తెలియగానే జనం గొంతు పెంచుతారు, నాకేదో చెవుడు ఉన్నట్టు. పక్కనున్న వాళ్లను "ఈవిడకేం కావాలట?" అని అడుగుతారు, నేను అక్కడ లేనట్టు. పదిహేనేళ్ల కిందట జబ్బు చేసి చూపు పోయింది. ఉద్యోగం మాత్రం పోలేదు. అంతకు పదిహేనేళ్ల ముందు నుంచీ ఆ బైండింగు షాపులోనే ఉన్నాను. చూపు పోయాక నెల రోజులు ఏడ్చి, మళ్లీ వెళ్లి అదే బల్ల ముందు కూర్చున్నాను. చేతులకు పని గుర్తుంది. ఓనరు మొదట్లో జాలిపడ్డాడు. నా మడతలు మిగతా వాళ్ల మడతల కంటే తిన్నగా వస్తున్నాయని తెలిశాక జాలి మానేసి పని పెంచాడు.

మా పనిలో కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట, తడి ఆరని కాగితం మడవొద్దని. సిరా పచ్చిగా ఉండగా మడిస్తే ఈ పక్కది ఆ పక్కకు అంటుతుంది, పుస్తకం పాడవుతుంది. అందుకని ప్రతి కట్టా మీదా నేను ముందు బొటనవేలు ఆనిస్తాను. చల్లగా, కొంచెం జిగటగా తగిలితే పక్కన పెట్టేస్తాను. పదిహేనేళ్లలో ఆ బొటనవేలు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసిన మనుషుల్లో ఎవరి గురించీ అంత మాట చెప్పలేను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాగితాలు లెక్కపెట్టేటప్పుడు వేలు జారకుండా చూపుడువేలికి రబ్బరు తొడుగు వేసుకుంటాం. కొత్త తొడుగు వేలిని పిసికేస్తుంది, లోపల చెమట పడుతుంది. నేను దాని అంచు కత్తెరతో ఒక చుట్టు తీసేసి, కొసన సూదితో మూడు చిల్లులు పొడుస్తాను. షాపులో అందరూ నవ్వుతారు, నా తొడుగులకు కిటికీలున్నాయని. నవ్వుకుంటే నవ్వుకోనీ, నా వేలికి గాలి కావాలి.

ఎన్నికలకు మూడు రోజుల ముందు సాయం అన్న షాపుకు వచ్చాడు.

"అక్కా, కరపత్రాలు లెక్కపెట్టి చస్తున్నామక్కా. ఆ వేలి తొడుగులు ఓ డజను ఉంటే ఇవ్వవూ?"

"దానికేం తమ్ముడూ, తీసుకో" అని నా డబ్బాలోంచి పన్నెండు లెక్కపెట్టి మరీ ఇచ్చాను. కిటికీలున్నవే. పాపం ఎంత కష్టపడుతున్నాడో అనుకున్నాను కూడా. నా తెలివితేటలు అలాంటివి. వెళ్లేముందు ఆయన, "ఓటుకు నిన్ను నేనే తీసుకెళ్తానక్కా, పక్కనుండి వేయిస్తాను, మాస్టారికెందుకు శ్రమ" అన్నాడు. నేను వెంటనే సరేనన్నాను.

ఎందుకన్నానో చెప్పాలంటే మాస్టారి గురించి చెప్పాలి. మాస్టారంటే మా ఆయన. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. మా వార్డు ఆఫీసు వసారాలో బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిపెడతారు. అందరూ అర్జీల మాస్టారంటారు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని చెప్పుకుంటారు, ఒకప్పుడు నేనూ చూశాను, నిజమే. సిరా పెన్ను తప్ప వేరే ముట్టుకోరు. అన్యాయమనే మాట ఆయన రాసినన్ని సార్లు ఇంకెవరూ రాసి ఉండరు. ఆ వసారాలో ఆ బల్లకు చోటిచ్చింది వార్డు మెంబరు.

నాకు చూపు పోయాక మూడు ఎన్నికలు జరిగాయి. కనిపించని వాళ్లు ఒక తోడు మనిషిని తీసుకెళ్లవచ్చు, ఆ మనిషి మనం చెప్పిన గడిలో ముద్ర వేసిపెట్టాలి. మూడుసార్లూ ఆయనే తోడు. మూడుసార్లూ నేను ఒకరి పేరు చెప్పాను. మూడోసారి ఫలితాలొచ్చిన రోజున అన్నం తింటూ ఆయన హాయిగా అన్నారు, "మెంబరు మళ్లీ గెలిచాడు. మన రెండు ఓట్లూ వృథా పోలేదే."

నేను చెప్పింది మెంబరు పేరు కాదు.

"నేను చెప్పిన దానికి ఒక్కసారీ వెయ్యలేదా?" అని అడిగాను.

"ఓడిపోయే దానికి వేసి ఏం లాభమే? భార్యాభర్తలం, మనకు రెండు మాటలేమిటి?"

ఎనిమిది రోజులు ఆయనతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు గ్యాసు అయిపోతే మాట్లాడాల్సి వచ్చింది. కానీ ఆ మాట మాత్రం మరిచిపోలేదు. మా సందులో మురుగు కాలువకు మూత లేదు. పదేళ్లుగా మెంబరు వేయిస్తానంటున్నాడు. నేను అందులో రెండుసార్లు పడ్డాను. రెండోసారి మోకాలి కింద ఎముక కనిపించేంత గాయమైందట. కట్టు కట్టింది పక్క వీధిలో ఉండే నర్సమ్మ. ఆవిడే ఈసారి నిలబడింది. కాలువకు మూత వేయిస్తానని ఒకే ఒక్క మాట చెప్పి తిరిగింది. ఆవిడ గెలవదని ఆవిడకూ తెలుసు. అయినా నా ఓటు ఆవిడకు పడాలి. చూపు పోయాక నేను నిజంగా వేసిన ఓటంటూ ఒక్కటైనా ఉండాలి. నాకు కావలసింది అంతే.

మొగుడి కంటే పరాయివాడు నయమనుకుని సాయం అన్నకు సరేనన్నాను. పప్పులో కాలు అక్కడే వేశాను.

ఎన్నికల రోజు పొద్దున వ్యాను వచ్చింది. పోలింగు ఒక బడిలో. గదిలో సున్నం వాసన, లక్క వాసన, ఎవరో దాచుకుని తాగుతున్న టీ వాసన. ఒక గుమాస్తా నా పేరు చదివాడు, ఇంకొకాయన నా ఎడమ చెయ్యి లాక్కుని వేలి మీద చుక్క పెట్టాడు. తర్వాత సాయం అన్నను వేలు చాపమన్నాడు. తోడు వచ్చిన మనిషి కుడి చూపుడువేలికి కూడా చుక్క పెడతారు. ఒక మనిషి ఒక రోజులో ఒక్కరికే తోడు రావాలని రూలు. చుక్క పెట్టే ఆయన తలెత్తే రకం కాదని ఆయన గొంతు కింద నుంచి రావడంలోనే తెలిసింది. వేలు కనిపిస్తే చుక్క పెట్టమన్నారు, పెడుతున్నాడు. వేలి మీద ఏముందో చూడమని ఎవరూ చెప్పలేదు మరి.

"తోడు వచ్చినాయన ఏమవుతారు?" అని గుమాస్తా అడిగాడు.

"తమ్ముడిని" అన్నాడు సాయం అన్న. గుమాస్తా రాసిన కాగితం మీద సాయం అన్న సంతకం గీసిన చప్పుడైంది.

అట్టపెట్టె చాటుకు వెళ్లాం. ఓటు కాగితం ముందు నా చేతికిమ్మన్నాను. పలచటి కాగితం, మా షాపులో అయితే పొట్లాలకు కూడా వాడం. పై అంచు పుస్తకంలోంచి చింపినట్టు గరుగ్గా ఉంది, కింది అంచు నున్నగా కోసి ఉంది. నలుగురు అభ్యర్థులు, నాలుగు గడులు, ఒకదాని కింద ఒకటి. నర్సమ్మది అడుగున.

"నాలుగో గడి, తమ్ముడూ. అన్నిటికంటే కింద."

"అలాగేనక్కా."

ముద్ర పడిన చప్పుడు వినిపించింది. కాగితాన్ని నిలువుగా మధ్యకు మడిచి నా చేతిలో పెట్టాడు. "పద, పెట్టెలో వేసేద్దువుగాని" అన్నాడు.

నా బొటనవేలికి అలవాటు కదా, అది నన్ను అడగదు. కాగితం మీద పై నుంచి కిందకు ఒకసారి నడిచింది. గరుకు అంచుకు రెండు వేళ్ల కింద చల్లగా తగిలింది. పచ్చి సిరా, పలచటి కాగితం, తడి ఇవతలికి దిగిపోయింది. కింద, నున్నటి అంచు దగ్గర, బట్టలా పొడిగా ఉంది. మొదటి గడి ఎవరిదో మా వార్డులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఎక్కడ వేశావు తమ్ముడూ?"

"నువ్వు చెప్పిన చోటేనక్కా. నాలుగో దాంట్లో."

అంత మెత్తగా అన్నాడు. ఒక్క క్షణం నా బొటనవేలినే అనుమానించాను. మళ్లీ తడిమాను. పైన తడి, కింద పొడి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో మోసం, బయట మోసం, పైగా రెండూ ప్రేమగానే.

పెట్టె దగ్గరకు వచ్చి ఆగిపోయాను.

"నేను వెయ్యను."

"వెయ్యాలమ్మా, వెనక జనం ఉన్నారు" అంది ఒక ఆడగొంతు. ఆవిడే ఆ గదికి పెద్దాఫీసరు. వేరే ఊరి బడిలో లెక్కల టీచరట, తర్వాత చెప్పింది.

"నేను నాలుగో గడి చెప్పాను, ఈయన మొదటి గడిలో వేశాడు. ఈ కాగితం రద్దు చేసి ఇంకోటి ఇవ్వండి."

గదిలో కుర్చీలన్నీ ఒకేసారి కిర్రుమన్నాయి. సాయం అన్న నవ్వాడు. "పాపం, కనిపించదు కదండీ, పొరపడుతోంది" అన్నాడు.

"మీకెలా తెలుసమ్మా?" అంది ఆఫీసరమ్మ.

"తడి పైన ఉంది."

"అది చూడాలంటే కాగితం విప్పాలి. విప్పితే రహస్యం పోతుంది. రహస్యం పోగొడితే నేరం."

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. నా ఓటు దొంగిలించాడని చెప్పాలంటే కాగితం విప్పాలి. విప్పితే నేను నేరస్తురాలిని. విప్పకపోతే ఆయన పుణ్యాత్ముడు. ఏ మేధావి కూర్చుని రాశాడో గానీ, దొంగకు ఇంతకంటే మంచి తాళం దొరకదు.

"విప్పమని నేననలేదు. మడిచింది మడిచినట్టే రద్దు చెయ్యండి. పెట్టెలో పడకముందు పాడైన కాగితం మార్చుకోవచ్చని రేడియోలో చెప్పారు."

"పుస్తకం చూడాలి" అంది ఆవిడ. రూళ్ల పుస్తకం తిప్పుతున్న చప్పుడు వినిపించింది. జిగురు సరిగ్గా పట్టని పుస్తకం, కుట్టు లేనేలేదు. తిప్పుతుంటేనే పేజీలు ఊడి కింద పడుతున్నాయి. అలాంటి బైండింగు చేసినవాడిని కూడా ఎన్నికల నేరాల్లో చేర్చాలని నాకనిపించింది. అంతలో ఒక ఏజెంటు గొంతు, మెంబరు తరఫువాడు, "మేడం, టైం వేస్టు" అంది. ఎదుటి పార్టీ ఏజెంటైనా నా వైపు ఒక మాట అంటాడేమో అని చూశాను. ఆయన గొంతు సవరించుకుని, "మాకేం అభ్యంతరం లేదండీ, వేసెయ్యనివ్వండి" అన్నాడు. పక్క గదిలో వాళ్లకూ ఒక సాయం అన్న ఉన్నాడని నాకు సాయంత్రానికి తెలిసింది.

"అక్కా, పరువు తియ్యకక్కా" అంటూ సాయం అన్న నా మణికట్టు పట్టుకుని పెట్టె కన్నం వైపు తోశాడు. అక్కడ తప్పు చేశాడు. చెయ్యి పట్టుకోకుండా ఉంటే బతికిపోయేవాడు. నా మణికట్టుకు చర్మం తగల్లేదు, రబ్బరు తగిలింది. నాకు ముప్పై ఏళ్ల నుంచీ తెలిసిన రబ్బరు. నేను రెండో చేత్తో ఆ వేలు పట్టుకుని ఒక్క లాగు లాగాను. తొడుగు నా గుప్పెట్లోకి వచ్చేసింది.

అంచు కత్తిరించి ఉంది. కొసన మూడు చిల్లులున్నాయి.

"ఇది నాది" అన్నాను. "దీని మీద చుక్క ఉందో లేదో మీరు చూడండి, నాకు కనిపించదు కదా పాపం."

ఆఫీసరమ్మ నా చేతిలోంచి తీసుకుంది. వెలుతురు కోసం గుమ్మం దాకా నడిచింది.

"చుక్క దీని మీద ఉంది" అంది తర్వాత. "ఏమండీ, మీ వేలు చూపించండి."

"వేలికి దెబ్బ తగిలిందండీ, అందుకని వేసుకున్నాను."

"దెబ్బ ఎక్కడుంది?"

"తగ్గిపోయిందండీ."

"ఇలాంటివి నేను ఈయనకు పన్నెండిచ్చాను" అన్నాను. "మిగతావి జేబులో చూడండి. అన్నిటికీ మూడేసి చిల్లులుంటాయి."

కానిస్టేబులు గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. బూట్ల చప్పుడులో అంత ఉత్సాహమేమీ లేదు. మెంబరు బావమరిది జేబులో చెయ్యి పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. బల్ల మీద మెత్తగా ఒక్కొక్కటే పడ్డాయి. ఆఫీసరమ్మ లెక్కల టీచరు కదా, పైకే లెక్కపెట్టింది. చుక్క ఉన్నవి పది, చుక్క లేనిది ఒకటి. ఆ చుక్క లేనిది బయట వ్యానులో కూర్చున్న పక్షవాతం తాతగారి కోసం.

తర్వాత ఆవిడ తోడు వచ్చినవాళ్ల కాగితాలు తెప్పించి చదివింది. పదకొండు కాగితాలు, పదకొండు దొంగపేర్లు, సంతకాలన్నీ ఒకటే దస్తూరీ. పొద్దుటి నుంచీ ఆ ఒక్క మనిషీ ఇద్దరికి అల్లుడు, ముగ్గురికి మనవడు, ఒకావిడకు మరిది, ఒకాయనకు మేనల్లుడు, ఇంకో ముగ్గురికి కొడుకు, నాకు తమ్ముడు. ఇంత బలగం ఉన్నవాడిని నేనెక్కడా వినలేదు. చదువుతుంటే వరసలో నిలబడ్డ జనం నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆ పది గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆ పదిమందీ వేశామనుకుని ఇంటికి వెళ్లిపోయారు. వాళ్ల కాగితాలు పెట్టెలో మిగతా వాటితో కలిసిపోయాయి, ఇంక వెతికి తియ్యడం ఎవరి వల్లా కాదు. 

కింద పడ్డ పేజీల్లో నాకు కావలసిన రూలు బల్ల కింద దొరికింది. నా కాగితాన్ని విప్పకుండానే రద్దని రాసి కవరులో పెట్టారు. కొత్తది చింపారు.

"ఈసారి తోడు ఎవరమ్మా?" అంది ఆఫీసరమ్మ. "మీ ఆయన్ను పిలిపించమంటారా?"

"ఎవరూ వద్దు. ముద్ర, సిరా దిమ్మ ఎక్కడున్నాయో నా చేతికి తగిలించి మీరు వెళ్లిపోండి."

అట్టపెట్టె చాటున ఒక్కదాన్నే నిలబడ్డాను. గరుకు అంచు పైకి పెట్టుకున్నాను. కాగితాన్ని పై నుంచి కిందకు సగానికి మడిచి గోరుతో నొక్కాను. మళ్లీ సగానికి. విప్పాను. నాలుగు సమానమైన గడులు, మధ్యలో మూడు గీతలు, నా గోరు గీసినవి. ముప్పై ఏళ్లుగా రోజుకు వెయ్యిసార్లు చేస్తున్న పని ఇది. ఇంత తేలికైన దానికి మూడు ఎన్నికలు మనుషులను బతిమాలుకున్నానే అని నా మీద నాకే చిరాకేసింది. అట్టడుగు గడిలో ముద్ర వేశాను. వెంటనే మడవలేదు. నూరు లెక్కపెట్టాను, ఊదాను, బొటనవేలు ఆనించి చూశాను. పొడిగా ఉంది. అప్పుడు మడిచి పెట్టెలో వేశాను. కాగితం అడుగున పడ్డ చప్పుడు కూడా వినిపించలేదు. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. సంతోషమేసింది. ఏడుపు కూడా వచ్చింది కానీ, పాపం అంటారని ఆపుకున్నాను.

ఇంక ఫిర్యాదు. దానికి వరండాలో వేరే ఆఫీసరు, వేరే బల్ల. ఈయన పేరుకు ఫిర్యాదులు తీసుకునే ఆఫీసరే కానీ, ఫిర్యాదు ఇవ్వడానికి ఒక మనిషి నిజంగా వస్తుందని ఊహించినట్టు లేదు. ఫారం వెతకడానికే పావుగంట పట్టింది.

అప్పటికి కబురు అంది మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆయాసంలో కూడా జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పిన చప్పుడు నాకు వినిపించింది.

"ఎంత అన్యాయం, ఎంత అన్యాయం" అన్నారు. "నువ్వు చెప్పు, నేను రాస్తాను. వాడి తాట తీసేలా రాస్తాను. కనిపించని ఆడమనిషి ఓటు దొంగిలిస్తాడా?"

"మీ బల్ల సంగతేంటి?" అని మెల్లిగా అడిగాను.

"అర్జీ నీది. రాసేవాడి పేరు అర్జీలో ఎక్కడుంటుందే? వేలిముద్ర నీది, మాట నీది. నేను పెన్నునే కదా."

ముప్పై ఏళ్ల అనుభవం మరి.

మొదటి అయిదు గడులూ జోరుగా సాగాయి. నా పేరు, మా ఇల్లు, నా నంబరు, ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు. ఆరో గడి దగ్గర ఆఫీసరు అడ్డుపడ్డాడు.

"ఇక్కడ 'కళ్లారా చూసింది చూసినట్టు' అనుంది. ఈవిడ చూడలేదు కదండీ."

"ముట్టుకున్నాను" అన్నాను.

"ముట్టుకున్న దానికి గడి లేదమ్మా."

"చూసినవాళ్లు గదిలో పదిమంది ఉన్నారు. పొద్దుటి నుంచీ కళ్లు పెట్టుకుని చూస్తూనే ఉన్నారు. వాళ్లెవరూ ఫిర్యాదుకు రాలేదెందుకో అది కూడా రాయనా?"

 మా ఆయన అందుకున్నారు. "'స్వయంగా తెలుసుకున్నది' అని రాద్దాం సార్, ఏ కోర్టులోనైనా నిలబడుతుంది." ఆయన పెన్ను పరుగెత్తింది. నిజం చెప్పొద్దూ, ఆయన చదివి వినిపిస్తుంటే నాకే గర్వంగా అనిపించింది. ఓటు హక్కు గురించి రెండు వాక్యాలు సొంతంగా కలిపారు. నమ్మి వచ్చిన నిస్సహాయురాలిని వంచించుట అత్యంత హేయం, అని రాశారు.

"ఏడో గడి" అన్నారు తర్వాత, అదే జోరులో. "'ఇదివరకు మీకు ఇలాంటిది జరిగిందా? జరిగితే ఎన్నిసార్లు, ఎవరి వల్ల?' లేదని రాసేస్తున్నాను."

"ఆగండి" అన్నాను. "జరిగింది. మూడుసార్లు."

పెన్ను ఆగిపోయింది.

"ఎవరి వల్లమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"రాస్తున్నాయనకు తెలుసు."

మా ఆయన నా చెవి దగ్గరకు వంగారు. "ఇంటి విషయం ఇక్కడెందుకే?" అన్నారు.

"ఓటు ఇంట్లో వెయ్యలేదుగా. ఇలాంటి గదిలోనే వేశాం."

"అది వేరు, ఇది వేరు. వాడు పరాయివాడు, అబద్ధాలు చెప్పి దూరాడు."

"అతను తమ్ముడినని రాయించాడు, అబద్ధం. మీరు మొగుడినని రాయించారు, నిజం. అంతకంటే ఏమైనా తేడా ఉంటే చెప్పండి, అదీ రాద్దాం."

 వరండాలో జనం నడుస్తున్నారు, ఎవరో దగ్గారు. ఆఫీసరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు కానీ, మధ్యలోకి రాలేదు.

"ఒక్క అర్జీలో కూడా నా పేరు లేదే ఇంతవరకూ" అన్నారు మా ఆయన. ఆ గొంతు నేను చాలా ఏళ్లుగా వినలేదు. నాకు జాలేసింది. జాలేసినా సరే, చెయ్యి చాపి ఫారం మీద ఆయన వేళ్లు ఎక్కడున్నాయో చూసుకుని, "రాయండి" అన్నాను.

కొంచెంసేపటికి, "రాశాను" అన్నారు.

నేను బొటనవేలు ఆనించాను. ఆరో గడి ఇంకా చల్లగా ఉంది. దాని కింద ఏడో గడి ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడిగా ఉంది.

"ఆరిపోయింది" అన్నారు.

"మీ సిరా అంత తొందరగా ఆరదండీ. ముప్పై ఏళ్లుగా మీ చొక్కాలు ఉతుకుతున్నది నేనే."

ఫారం ఆయన వైపు జరిపి కూర్చున్నాను. నాకేం తొందర లేదు, షాపుకు ఆ రోజు సెలవు. చాలాసేపటికి పాళీ కాగితం మీద గీసుకోవడం మొదలైంది. ఆయన దస్తూరీ ఎప్పుడూ గలగలా పోతుంది. ఈసారి ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ పోయింది. ఇంటి పేరు, అసలు పేరు, చివర మూడుసార్లు అనే మాట, ఆయన గొణుక్కుంటూ రాస్తుంటే వినిపించాయి. పెన్ను మూత తిప్పిన చప్పుడైంది. ఫారం నా ముందుకు వచ్చింది.

బొటనవేలు పెట్టి చూశాను. తడిగా ఉంది.

"ఎనిమిదో గడిలో వేలిముద్ర వెయ్యాలమ్మా, ఉండండి, సిరా దిమ్మ తెప్పిస్తాను" అన్నాడు ఆఫీసరు.

"అక్కర్లేదు" అని, ఆ వేలినే కింద గడిలో ఆనించి నొక్కాను.